పండుగ కానిదే తారీఖు కొట్టను

నాయనకు,

దుర్గ దండం పెట్టి రాస్తున్నది. ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను. కోపం ఒక్కటే ఇంకా దిగలేదు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నువ్వూ చెల్లె వనజా క్షేమమని తలుస్తాను. మనూళ్లో సిగ్నల్ అందదు కాబట్టి అన్నీ కాగితం మీదే అడగాలి.

కొండమ్మ పెద్దమ్మ పోయిందని నీ ఉత్తరంలో చదివి ఏడ్చాను. ఆమె దినాలు కాకుండా ఇప్పపువ్వు పండుగ చేయనని రాశావు. సరైన మాట. ఊరి పూజారివి నువ్వు. తొలి పువ్వు నువ్వు మన ఊరి దేవత తల్లికి పెట్టనిదే మనవాళ్లెవరూ చెట్టు కింద పువ్వు ఏరరు.

మా గోదాము నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే ఇప్పపువ్వు లడ్డూల గురించి, "సరుకు ముట్టకుండ, మనిషిని సూడకుండ ఫోన్ల ఎట్ల కొంటరు బిడ్డా?" అని అడిగావు కదా. ఏన్కూరు సంతలో అయితే పువ్వు వాసన చూస్తారు, నమిలి చూస్తారు, నచ్చకపోతే మొహం మీదే అంటారు. ఫోన్‌లో కొనేవాళ్లకు ఆ దారి లేదు. అందుకే చట్టం పెట్టారు. అమ్మేవాడు తన పేరు, అడ్రసు చూపాలి. డబ్బాలో ఏముందో, ఎంత తూకమో, ఏ నెలలో చేశారో ఉన్నదున్నట్టు రాయాలి. చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి అందినా వాపస్ తీసుకోవాలి. ఫిర్యాదు వస్తే జవాబు చెప్పే మనిషి పేరూ నంబరూ ఆ అమ్మకం పేజీలో ఉండాలి. ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు. డబ్బాలకు లేబుళ్లు అంటిస్తూ, తారీఖులు కొడుతూ, తెలియనిది ఫోన్‌లో వెతుక్కుంటూ నేర్చుకున్నాను.

ఇక గొడవ సంగతి. మనూరి నుంచి వచ్చే ఈ ఏటి కొత్త పువ్వుతో లడ్డూలు అని మా ఓనర్ రామకృష్ణ సార్ పేజీలో పెట్టి ఆర్డర్లు తీసుకున్నాడు. పువ్వు రాలితే సరుకు వచ్చినట్టేనని ఆయన అనుకున్నాడు. పండుగ ఒకటి ఉంటుందని తెలియదు. గడువు దగ్గరపడేసరికి, గోదాములో ఉన్న నిరుటి పువ్వుతో చేసి కొత్తదని లేబుల్ వేయమన్నాడు.

"నిరుటిదైతే ఏంది, పాడైందా? తినేటోడికేం తెలుస్తది?"

"నిరుటిదని రాయి సార్, ఇప్పుడే అంటిస్త. కొత్తదని అబద్ధమాడనీకి నాకు చేతులు రావు."

ఆయన విసురుగా బయటికి పోయాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, కొన్నవాళ్లందరికీ సందేశం పెట్టాను. ఊళ్లో పెద్దావిడ చనిపోయారు, పండుగ అయ్యేదాకా పువ్వు ఏరరు, ఆగగలిగితే ఆగండి, లేదంటే మీ డబ్బు వాపస్ అని. సగం మంది వాపస్ అడిగారు. సార్ మండిపడ్డాడు. "సందేశం నువ్వు పెట్టినవ్ గద, తిట్లు గూడ నువ్వే తిను," అని ఫిర్యాదుల దగ్గర నా పేరు ఎక్కించాడు.

శిక్ష అనుకున్నాడు పాపం. నాయనా, ఆ పేజీలో కుర్సం దుర్గ అని మన ఇంటిపేరుతో సహా ఉంది. ఏ రాష్ట్రంలోవాళ్లైనా చూడొచ్చు. ఇంతకుముందు అక్కడ ఎవరూ ఎత్తని నంబరు ఉండేది. ఇప్పుడు నేను ఎత్తుతున్నాను. మొదటి ఫోన్ అంతా తిట్లే. విన్నాను, వాపస్ ఇప్పించాను. తర్వాత ఒకావిడ, మా ఇంట్లోనూ మైల ఉంటే శుభకార్యం ఆపుతాం, ఆగుతానమ్మా అన్నది. గోదాములో తలెత్తుకు తిరుగుతున్నాను.

నీకు చెప్పకుండా దాచింది ఒకటి ఉంది. దినాలకు ముందే పండుగ చేయమని నీకు ఉత్తరం రాయమన్నాడు సార్. రాయకపోతే పని మానుకొమ్మన్నాడు. నా కోసం నువ్వెక్కడ ఒప్పుకుంటావోనని రాయలేదు. పోయిన ఉత్తరంలో పని ఊసెత్తనిది అందుకే. ఇప్పుడు వ్యాన్ డ్రైవర్ దేవ్లాను మనూరికి పంపుతున్నాడు. బిడ్డ పని పోతుందని అతను నీతో చెబుతాడు. అది నిజమే. అయినా నువ్వు తొందరపడకు. అతనికి అన్నం పెట్టి, ఖాళీ వ్యాన్‌తో పంపించు.

పెద్దమ్మ దినాలు పద్ధతిగా కానివ్వు. తల్లికి పువ్వు పెట్టాకే నాకు కబురు చెయ్. ఆ కబురు వచ్చేదాకా నా చేతి మీదుగా ఏ డబ్బా మీదా తారీఖు పడదు.

ఇట్లు,
నీ మొండి పెద్దబిడ్డ
దుర్గ