పలికినవాడికే దెబ్బ

అక్కకి,

ఈ రోజు రేకులు సాగగొట్టే షెడ్డులో, మా ఫోర్‌మన్ అయిన మీ ఆయన, ముసలి సుత్తి మేస్త్రీని రెంచీతో చెవి మీద కొట్టారు.

"పిలిస్తే పలకవేంరా? చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని దొరబాబులా నిలబడతావా?"

చెవి చీలి మెడంతా నెత్తురు. సుత్తుల మోతకి చెవులు పోకుండా ఆ ప్లగ్గులు స్టోరు నుంచి ఇచ్చింది నేనే.

కానీ మేస్త్రీ పలికాడక్కా. "వస్తున్నా బాబూ" అని గట్టిగా అరిచాడు. గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది, పక్కనే ఉన్న బావగారికి వినపడలేదు. ఇన్నేళ్లూ ఆ మోతలో ఆయన వట్టి చెవులతోనే పనిచేశారు.

మొన్న నీ పెదవి పగిలినప్పుడు నువ్వూ "పలికానే" అని ఏడ్చావు.

ఆయన చెవులు డాక్టరుకి చూపించు. అందాకా వంటింట్లోంచి పలకకు. ఎదురుగా వచ్చి, చెయ్యి అందనంత దూరంలో నిలబడి పలుకు.

నీ చెల్లెలు