నేను అతికించని కరెక్షన్ స్లిప్పు

బుజ్జీ,

నువ్వెళ్లి పధ్నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ రాయలేదు. కలం పట్టుకుంటే తిట్లే వస్తున్నాయి మరి... ఈరోజు తిడుతూనే రాస్తాను, విను.

ముందు నన్ను తిట్టుకోనీ.

ఆ ఆదివారం సీపత్ కరెంటు ప్లాంటు నుంచి డ్యూటీ బట్టల్లోనే నాన్న రైల్వే క్వార్టర్‌కి వచ్చావు. ఇరవై రెండో వారమన్నావు. వాడు ఫోనెత్తడం మానేశాడన్నావు. నేను కోని కాలేజీలో పిల్లలకు రాజ్యాంగం పాఠం చెప్పేదాన్ని కదా... నీ చెయ్యి పట్టుకోవాల్సింది పోయి పుస్తకం తీశాను. ఇరవై వారాలు దాటాక గర్భం తీయించుకోవడానికి ఎవరెవరికి వీలుందో గర్భస్రావం రూల్స్‌లో జాబితా ఉంది. కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు ఉన్నారు. పెళ్లికాని పిల్ల ఊసే లేదు. అదే చదివి వినిపించాను.

"ఏటక్కా, ఆ పుస్తకంలో నేనున్నానా, లేనా? అది చెప్పు చాలు" అన్నావు.

లేవన్నాను.

నువ్వు పక్కనున్న కోటా ఊరెళ్లి ఎవరి దగ్గరో మందు మింగావు. రక్తం ఆగలేదు. మూడో రోజుకి నువ్వే లేవు.

నేను చెప్పింది తప్పు బుజ్జీ. ఆ జాబితాను అక్షరం పట్టుకుని చదవకూడదని, ఎందుకు రాశారో చూసి చదవాలని, పెళ్లి కాలేదన్న సాకుతో ఆడపిల్లను బయట నిలబెట్టకూడదని సుప్రీంకోర్టు అప్పటికే చెప్పేసింది. నాకు తెలియదా? ఆ తీర్పు మీదే క్లాసులో గంట మాట్లాడాను! బోర్డు మధ్యలో గీత గీశాను. రాసిన మాటల దగ్గరే ఆగాలనేవాళ్లు ఇటు, కాలంతో పాటు అర్థమూ పెరగాలనేవాళ్లు అటు... రెండూ వాదాలేనని చెప్పి చాక్‌పీసు దులుపుకున్నాను. తీర్పు వచ్చాక అది వాదం కాదు, చట్టం. నువ్వు ఎదురుగా కూర్చున్నప్పుడు అది ఎందుకు తోచలేదు? భయమా? నలుగురూ ఏమంటారోననా?

నాన్న స్లిప్పులు గుర్తున్నాయా? రూలు మారినట్టు ఆఫీసు నుంచి కాగితం ముక్క రాగానే మైదా ఉడికించి, రూల్ బుక్కులో పాత రూలు మీద అతికించేవాడు. గరిటె తిప్పేది నువ్వే. స్లిప్పు అతికించని పుస్తకంతో రైలు గార్డు బండెక్కకూడదనేవాడు. నీ పదో రోజు వెళ్లాక ఆయనకు అంతా చెప్పాను. నా పుస్తకం తీసి ఆ పేజీ వెతికి, స్లిప్పు ఎందుకు అతికించలేదని ఒక్కటే అడిగాడు.

మొన్న కాలేజీలో సెమినార్ పెట్టారు. రాయ్‌పూర్ నుంచి వచ్చిన పెద్దాయన, రాజ్యాంగంలో గర్భమన్న మాటే లేదని, రాసినవాళ్లు అనుకోనిది మనం అందులో దూర్చకూడదని తీరిగ్గా చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. లేచి అడిగాను. రాజ్యాంగంలో రైళ్లున్నాయి, రైలు ఛార్జీల మీద పన్ను కూడా ఉంది, నిజమే, గర్భం లేదు. ప్రాణం, స్వేచ్ఛ అన్న మాటలున్నాయి కదా, అవి ఎవరి కోసం రాశారని. ఆయన అచ్ఛా అని నవ్వి మంచినీళ్లు తాగాడు. ఆ నవ్వు ఇంకా నా ఒంటికి అంటుకునే ఉంది.

పోయిన వారం హాస్టల్ పిల్ల ఒకతె వచ్చింది. ఇరవై ఒకటో వారం. ఆసుపత్రిలో భర్త సంతకం అడిగారట, లేని భర్తది! వెంట వెళ్లాను. తీర్పు కాగితాలు బల్లమీద పెట్టి, పద్దెనిమిది నిండిన పిల్లకు తన సంతకం చాలన్నాను. చూద్దామన్నారు. చూడండని బయట బెంచీ మీద కూర్చున్నాను. రెండు రోజులు. నాన్న టిఫిన్ క్యారేజీ తెచ్చాడు. ఎవరి కోసమని అడగలేదు. మూడో రోజు ఒప్పుకున్నారు.

ఆ పిల్ల బాగుంది. నిన్న పరీక్ష కూడా రాసింది. నేనే ఇంటికొచ్చి ఏడ్చాను, కోపంతో. ఇంతేనా? రెండు రోజులు కూర్చుంటే చాలా? నీకోసం ఆ బెంచీ మీద ఎందుకు కూర్చోలేదే నేను?

ఈ ఉదయం నాన్న మైదా ఉడికించాడు. గరిటె నేను తిప్పాను. తీర్పులోని ఆ పేరా కత్తిరించి జాబితా మీద అతికించాం. జిగురెక్కువై పేజీ ఉబ్బింది, పుస్తకం సరిగా మూతపడటం లేదు. ఉండనీ. ఇకమీద ఎవరొచ్చి అడిగినా ముందు ఆ పేజీయే తెరుస్తాను.

నువ్వడిగినదానికి జవాబు ఆలస్యంగా రాస్తున్నాను.

ఉన్నావు, బుజ్జీ.

నీ అక్క