కానగంతల వార్తకు సవరణ

డెస్కు చూసే పద్మనాభయ్య గారికి, మీ కొత్త విలేకరి సుభాషిణి భయపడుతూ రాస్తున్న ఉత్తరం.

నా రాత వంకర. అక్షరాల్లో తప్పులుంటాయి. ఏడో తరగతితో బడి మానిపించారు, మన్నించండి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా ఆయనతో సముద్రం మీదికి పోతుంది. అందుకే కవరు బస్సులో పంపుతున్నాను.

నెలలోపు మంచి వార్త రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామన్నారు. ఇరవై రోజులైపోయింది. నలుగురిలో నోరు తెరవలేను. అన్నం సయించడం లేదు. నిన్న మా ఆయన పెంచల్ పడవకు ముప్పై పెట్టెల కానగంత చేపలు పడ్డాయి. పెట్టెలు దించుతుంటే కళ్లారా చూశాను. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగకు ఎదురుగా పడ్డాయని ఆయనే చెప్పాడు.

వినయంతో, సుభాషిణి, బోగోలు మండలం.

తా.క. చదివి ఈ కాగితం కాల్చేయండి.

*

అమ్మా సుభాషిణీ,

వార్త వేశాం. చోటు కూడా రాయడం బాగుంది. ఇలాగే రాయండి.

పద్మనాభయ్య, నెల్లూరు.

తా.క. మా ఆఫీసులో బీడీ కూడా కాల్చనివ్వరు. ఉత్తరం చించేశాను.

*

పద్మనాభయ్య గారికి, కంగారుగా సుభాషిణి.

పేపరు చూసి పక్క పాలెం పడవలన్నీ ఏటిమొగకు పోయాయి. వలకు ప్లాస్టిక్ సంచులు తగిలాయట. వాళ్ల పాలెం పెద్ద నరసయ్య మా వాకిట్లో నిలబడ్డాడు.

"ఏం పాపా, నీ మొగుడికి పడిన చేప మాకెందుకు పడలా? పేపరోళ్లు చెప్పినారని డీజిలంతా పోసినాం!"

నేను తలుపు వెనక నక్కాను. మా ఆయన, "అది కాదన్నా, నేనే తప్పు చెప్పినా. ఉత్తరంగా పోవాల" అన్నాడు. దయచేసి అలా సవరించండి.

మీ సుభాషిణి.

తా.క. ఇదీ చించేయండి. వీలైతే ముక్కలు వేరువేరు బుట్టల్లో వేయండి.

*

అమ్మా,

సవరణ వేశాం. ఉత్తరంగా పోయినవాళ్లకూ ఏమీ పడలేదు. నరసయ్య ఇక్కడికే ఫోను చేసి, దక్షిణం ఎప్పుడు వేస్తారని అడిగాడు. ఇంకొక్క తప్పు జరిగితే మిమ్మల్ని ఉంచలేను. మీ ఆయన మాట పక్కన పెట్టి, మీ కళ్లతో చూసి రాయండి.

పద్మనాభయ్య.

తా.క. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఎక్కడికి పోయొచ్చావంటే నేనూ ఇంట్లో నిజం చెప్పను.

*

గౌరవనీయులైన పద్మనాభయ్య గారికి, నమస్కారాలతో సుభాషిణి.

మీరన్నట్టు నా కళ్లతోనే చూశాను. కానగంతలు పట్టే వల మా పెరట్లో చుట్టినది చుట్టినట్టే ఉంది. అందులో కోడి పదిహేను రోజులుగా పొదుగుతోంది. రోజూ దానికి నూకలు వేసేది నేనే.

మా ఆయన్ని నిలదీశాను. ఆయన ఇసుకలో కాలితో గీతలు గీస్తూ చెప్పాడు.

"వార్త దొరకలేదని నువ్వు అన్నం తినకుంటే చూడలేకపోయినా. మన పాలెంలో అయిదు పడవల వాళ్లను బతిమాలి, వాళ్ల చేపంతా మన పడవలో పోయించినా. దించినాక ఎవురి పెట్టెలు వాళ్లు తీసుకున్నారు."

"మరి ఏటిమొగ?"

"నువ్వు చోటు అడుగుతావని అనుకోలా. నోటికొచ్చింది చెప్పినా."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఈ కింది సవరణ వేయండి. తర్వాత నన్ను తీసేసినా సరే.

"పెంచల్ పడవకు ముప్పై పెట్టెల చేప పడిందన్న వార్త నిజం కాదు. విలేకరి దిగులు చూడలేక ఆమె భర్త అయిదు పడవల చేపను ఒక్క పడవలో చూపించాడు. ఏటిమొగకూ ఉత్తరానికీ పోయినవారు క్షమించాలి."

ఇట్లు, సుభాషిణి.

తా.క. సవరణ ఆయనకు చదివి వినిపించాను. సిగ్గుపడతాడనుకున్నాను. "ఇంకేం వార్త కావాల్నో చెప్పు, రేపే చేయిస్తా" అంటున్నాడు. ముందుజాగ్రత్తగా ఇంట్లో అగ్గిపెట్టె దాచేశాను.