మొగిలి ఆరో పాట

కొత్తవాడ, వరంగల్

మహిత నాయినగారికి మీ పద్మలత నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమందరం కులాసా. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంట్లో ఎవరికీ ఏ బాధా లేదు. ఆ మోకాళ్ళు కూడా పక్కింట్లో పెళ్ళి ఉందంటే చక్కగా నడుస్తున్నాయి. భివండిలో మీరూ, మీ గదిలో ఉండే మనవాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం తెస్తున్న కుమారస్వామి అన్న చేతికే చింతకాయ తొక్కు సీసా కూడా ఇచ్చాను. మీకు చేరేసరికి సీసా సగమై ఉంటే నన్ను అడగకండి, అన్ననే అడగండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. మగ్గం బాగైంది, జంపఖానాల పని నడుస్తున్నది. మహిత పరీక్షలు బాగా రాసింది. కాలేజీ పాటల పోటీలో మాత్రం పరువు తీసింది. పాత సినిమా పాట పాడమంటే లేచి నిలబడి, అదే వరసలో మన పేరడీ పాటల మొగిలి కట్టిన కరెంటు బిల్లు పాట పాడిందట! "పేరడీ కాదమ్మా, అసలు పాట పాడు" అని మేడమ్ అంటే, "ఇదే అసలుది కదా మేడమ్" అన్నదట పిచ్చిది. పుట్టినప్పటి నుంచి ఇంట్లో అదే విన్నది, దాని తప్పేముంది? తప్పంతా మనదే.

ఇక మీ పెద్ద ప్రశ్న. "మొగిలి కొత్త ఆల్బమ్ ఫోన్ల పెట్టుకొని విన్న. డప్పు వినబడుతున్నది గని మాటలు అందుతలేవు. నువ్వు విని, ఎట్లున్నదో రాసి పంపు. చెవి మిషన్ ముచ్చట మాత్రం మళ్ళ ఎత్తకు" అని రాశారు. సరే మహాప్రభూ, ముందు పాటలే చెబుతాను. అక్కడి మరమగ్గాల మోత ఇన్నేళ్ళలో మీ చెవులను తినేసింది, ఫోన్లో నా మాటే మీకు అందడం లేదు. ఈ కాలంలో మొగుడికి ఉత్తరాలు రాసే ఆడది వరంగల్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆల్బమ్ పేరు "మొగిలి మళ్ళ మొదలువెట్టిండు". గణపతి మండపాల దగ్గర సినిమా పాటల వరసల్లో మన ఊరి సంగతులు కట్టి పాడిన ఆ బక్క పిల్లగాడేనా ఇతను అనిపిస్తుంది, పోస్టర్ మీద అంత లావున్నాడు. క్యాసెట్ల కాలం నుంచి ఒక్కటి వదలకుండా విన్నదాన్ని కదా, మొహమాటం లేకుండా చెబుతాను వినండి.

మొదటిది ఎనుమాముల మిర్చి మార్కెట్ మీద. వరస మాత్రం ఒక ప్రేమ పాటది. రైతు మిరప బస్తాను చూసి పాడుతుంటాడు:

"ఎర్రాని కోక గట్టి ఎనుమాముల కొచ్చినవే
ఏడిపించి పోతివే నా ఎండు మిరపకాయా!"

చరణం మధ్యలో తుమ్ములున్నాయి చూడండి, అవి కూడా తాళం తప్పవు! మొన్న యాకయ్య కొడుకు పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు ఆ ప్రేమ పాటే వాయించారు. అంతే, మన గల్లీ గల్లీ అంతా ఒక్క గొంతుతో మిరపకాయ పాట అందుకుంది. ఆడపెళ్ళివాళ్ళది కరీంనగర్, వాళ్ళు బిత్తరపోయారు. పెళ్ళిపిల్ల ఎర్రచీరలో ఉంది పాపం, తననే మిరపకాయ అంటున్నారనుకుని మొహం ముడుచుకుంది. పెళ్ళికొడుకు చెవిలో ఏదో చెప్పి సముదాయించాక, ఆ పిల్లే అందరికంటే గట్టిగా పాడింది.

రెండోది స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగిపోయిన ప్యాసింజర్ బండి మీద, ఏడుపు పాట వరసలో. "పల్లీలు ఒడిసిపాయె, ఫోన్ల చార్జింగ్ పాయె, పక్కోని ముచ్చట గూడ అయిపాయె" అని దీర్ఘం తీస్తుంటే ఆటోలో నా పక్కనున్న ముసలాయన నవ్వలేక దగ్గాడు.

మూడోది పెళ్ళి ఫొటోగ్రాఫర్ మీద.

"పంతులు జర ఆగుండ్రి, ముహూర్తం జర ఆగుండ్రి
నేను చెప్పేదాక తాళి ఎవ్వలు గట్టకుండ్రి!"

దీనికి నేను పొట్ట పట్టుకున్నాను. నిజంగా అట్లనే ఉంది కదా ఇప్పుడు!

నాలుగోది నాకు నచ్చలేదు. రీల్స్ చేసే అత్తాకోడళ్ళ మీద కట్టాడు. మాటలు బాగానే ఉన్నాయి గానీ హార్మోనియం పక్కన పడేసి, గొంతును కంప్యూటర్‌లో వేసి పిండాడు. మొహం మీదే అడిగాను, "తమ్మీ, ఇది నీ గొంతా, మా ఇంటి మిక్సీయా?" అని. "ఏం జెయ్యాలక్కా, పోరగాండ్లు గిదే కావాల్నంటాండ్లు" అని నెత్తి గోక్కున్నాడు. నెత్తంటే గుర్తొచ్చింది, ఐదో పాట తన మీద తానే కట్టుకున్నాడు. "నెత్తి మీది ఎంటికలు రాజీనామ ఇచ్చినయి, బొజ్జ మీది గుండీలు సమ్మె జేస్తున్నయి" అట! ఇన్నేళ్ళూ అందరినీ ఆట పట్టించినవాడు తనను కూడా వదల్లేదు. నాకు మొగిలి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఐదూ అయిపోయాయి. ఇప్పుడు కోప్పడనని ఒట్టేస్తే ఒక మాట చెబుతాను. ఒట్టేశారనే అనుకుంటున్నాను.

పోస్టర్ మీద ఆరు పాటలని వేశాడు, బయటికి వచ్చినవి ఐదే. ఆరోది మీ మీద కట్టాడు. దానికి కారణం నేను.

మొన్న దసరాకు మీరొచ్చినప్పుడు గల్లీలో మొగిలి ప్రోగ్రాం పెట్టారు కదా. ఎప్పటిలాగే మీరు ముందు వరుసలో కూర్చున్నారు. అందరూ నవ్వాక మీరు నా మొహం చూశారు, చూసి నవ్వారు. ప్రతి పాటకూ అంతే. ఇంటికొచ్చి "మస్తు నవ్వినం గదా" అన్నారు. నేను ఊ అన్నాను గానీ పాటల్లో ఒక్క మాటా మీకు అందలేదని నాకు తెలిసిపోయింది. పెళ్ళయిన కొత్తలో మండపం దగ్గర అందరికంటే ముందు మీరు పకపకా నవ్వితే, ఇట్లా నవ్వే మనిషి దగ్గర నాకేం భయం అనుకున్నాను. ఆ నవ్వు నాకు కావాలి. చెప్పడానికి సిగ్గెందుకు?

ఆల్బమ్ రావడానికి నెల ముందు పోచమ్మమైదాన్‌లో మొగిలి మైకుసెట్టు షాపుకు పోయాను. "దసరా పాటలకు బావ ఏమన్నడక్కా?" అని అడిగాడు. నా నోరు ఆగలేదు, ఎవరికీ చెప్పొద్దన్న మీ చెవుల సంగతి చెప్పేశాను. అతను వైర్లు చుడుతూనే అన్నాడు:

"ఎరికే అక్కా. దసరా నాడే చూసిన. బావ నవ్వు వినబడంగనే నేను రెండో చరణం ఎత్తుకునేది. ఆ దినం బావ నవ్వు రాలె. లైనే మరిచిపోయిన."

వారం తిరక్కుండా హార్మోనియం పట్టుకుని మన ఇంటికొచ్చాడు. మొగిలి పద్ధతి మీకు తెలిసిందే. ఎవరి మీద పాట కట్టినా ముందు వాళ్ళ గడపలోనే పాడతాడు. ఆ మనిషి నవ్వితే పాట లోకంలోకి పోతుంది, నవ్వకపోతే కాగితం చింపేస్తాడు. మీరు లేరు కాబట్టి నేనే విని నవ్వుతానన్నాను. పాడాడు. ఇల్లంతా ఊగిపోయింది. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ "నా కొడుకును గింత మంచిగ ఎవ్వలు తిట్టలేదు బిడ్డా" అన్నది. నేను నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాను.

"ఇగ విడుదల చెయ్యి తమ్మీ" అన్నాను.

"నీ నవ్వు చెల్లదక్కా. బావనే నవ్వాలె. అప్పటిదాక ఆరోది ఖాళీగనే ఉంటది" అని హార్మోనియం మూసేశాడు.

అందుకని ఇంకో పని కూడా చేశాను. పెద్ద దవాఖానలో చెవి డాక్టర్ దగ్గర మీ పేరు రాయించాను. కళ్ళకు అద్దాలొచ్చినప్పుడు దర్జాగా ఫొటో దిగి పంపిన మనిషి చెవికి మిషన్ అంటే ఎందుకింత మారాం చేస్తున్నారో నాకు అర్థం కాదు. ఎవరైనా నవ్వుతారని ఫికరైతే, మొగిలి పాట వచ్చాక ఎట్లాగూ నవ్వుతారు. ఆ నవ్వేదో మీరే ముందు మొదలుపెట్టండి. మీ మగ్గాల సేఠ్‌ను సెలవడిగి బండెక్కండి.

ఆ పాట కూడా రాసి పంపమని మీరు తప్పకుండా అడుగుతారు. మిగతా ఐదూ ఎన్నిసార్లడిగినా రాస్తాను, దాన్ని మాత్రం ఒక్క ముక్క కూడా రాయను. మీరొచ్చి, చెవికి మిషన్ పెట్టుకుని, మన గడపలో కూర్చుని వినాలి. నేను మీ పక్కన కూర్చోను, మీకు కనబడకుండా వెనక కూర్చుంటాను. నా మొహం చూడకుండా మీరు నవ్వాలి.

ఇట్లు,
మాట వినని మీ ఇల్లాలు
పద్మలత