ఐలేశం కొన్న మంచం

నల్లగొండ,
6 ఆగస్టు 2023

ప్రియమైన మంజులత వదినకు,

నీ ఫోన్‌లో నా నంబరు బ్లాక్ చేశావని తెలిసి కూడా రెండుసార్లు చేసి చూశాను. అందుకే ఈ ఉత్తరం. చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో, అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు. అన్నయ్య, పిల్లలు బాగున్నారని మీ తమ్ముడు చెప్పాడు.

అత్తమ్మ పడుకున్న మంచం అమ్మేశాను వదినా. ఎవరో చెబితే నువ్వు వినడం కంటే నేనే చెప్పడం మంచిదనిపించింది. హ్యాండిల్ తిప్పితే తల వైపు, కాళ్ళ వైపు లేచే ఆ దవాఖాన మంచం, మోటారుతో గాలి నిండే పరుపు, రెండూ. అత్తమ్మ పోయి మూడు నెలలయింది. మంచం ఆ గదిలో ఉన్నన్ని రోజులూ నేను పొయ్యి దగ్గరున్నా, బట్టలు ఆరేస్తున్నా నా చెవులు అటే ఉండేవి. రెండున్నరేళ్ళ అలవాటు. అమ్మేద్దామా అని మీ తమ్ముడిని అడిగితే "నీ ఇష్టం" అని డ్యూటీకి పోయాడు. రోజంతా బస్సులో నిలబడి టికెట్లు కొట్టి వచ్చే మనిషి, ఆయన్ని మాత్రం ఏమనగలను. నేనే ఫోటోలు తీసి, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో పెట్టాను.

చాలామంది "ఉందా?" అని అడిగి మాయమయ్యారు. ఒక్కడు మాత్రం వదల్లేదు. పేరు ఐలేశం. హాలియా అవతల ఏదో పల్లె. గొర్లు కాసుకునే మనిషి, అరవై దాటి ఉంటాయి. రాయడం రాదు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే. ఒక్కరోజే పంతొమ్మిది వచ్చాయి. "హ్యాండిల్ తిరుగుతాందా, తిప్పి వీడియో తీసి పెట్టు." తీసి పెట్టాను. "గా కాళ్ళ దిక్కు నల్లగుంది, తుప్పా?" తుప్పు కాదు, నీడ అన్నాను. "మోటరు సప్పుడు జర ఇనిపియ్యి." మోటారు వేసి ఫోన్ దగ్గర పెట్టాను. ఆ చప్పుడు మోగగానే నా చేతులు వాటంతటవే ఖాళీ పరుపు మీద దుప్పటి సర్దాయి. సర్దాక గుర్తొచ్చింది, అక్కడ ఎవరూ లేరని.

సాయంత్రం ఫోనే చేశాడు.

"పేషెంటుకు మంచిగైందా బిడ్డా?"

"పోయింది."

"గా మంచం మీదనేనా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. అవునన్నాను. టక్కున పెట్టేశాడు. పీడ విరగడైందనుకుంటే నాలుగో రోజు మళ్ళీ. "పానం పోయిన మంచమాయె, రేటు తగ్గియ్యి." వదినా, ఆ మాటకు నాకు కోపం కూడా రాలేదు. కోపానికి కావలసిన ఓపిక లేదు. తగ్గించాను.

నిన్న ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. భుజం మీద తువ్వాల, ఎర్రబడిన కళ్ళు. మంచం చుట్టూ తిరిగి ఒక్కో బోల్టునూ గోటితో గీకాడు. హ్యాండిల్ తిప్పాడు. అయినా నమ్మకం కుదరక, "జర నువ్వు పండు బిడ్డా, మనిషి బరువుకు లేస్తదో లేదో చూడాలె" అన్నాడు. ఎదురింటి నిర్మలమ్మ గుమ్మంలోనే ఉంది కాబట్టి సరే ఇదీ కానీ అని పడుకున్నాను. పడుకుని చూస్తే అక్కడి నుంచి తలుపు కనిపించదు వదినా. ఫ్యాను, బీరువా పక్క, గోడ. రెండున్నరేళ్ళు ఇంట్లోకి ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో ఆమెకు తెలియలేదన్నమాట. మంచాన్ని రెండు జానలు జరిపితే సరిపోయేది. నాకు తట్టలేదు.

దశదినకర్మ నాడు అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు నువ్వన్న మాట నాకింకా వినిపిస్తూనే ఉంది. "మా అమ్మ వీపు పుండ్లు పడి కుళ్ళుతాంటె, గీమె సూసుకుంట కూసున్నది" అన్నావు. దానికి నేను అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మంచం సంగతి తెలియాలని రాశాను, అంతే.

నీ మరదలు,
శోభ

నల్లగొండ,
27 ఆగస్టు 2023

వదినా,

నీ జవాబు రాలేదు. వస్తుందని అనుకోలేదు కూడా. ఈసారి రాసేది నా కోసం.

మంచం తీసుకుపోయిన మూడో రోజు నుంచి ఐలేశం మళ్ళీ మొదలుపెట్టాడు. "మంచం ఒక్క దిక్కు ఒరుగుతాంది." "పరుపుల గాలి నిలుస్తలేదు." "ముసలోన్ని జేసి మోసం జేసినవు. పైసలు వాపసియ్యి, లేకుంటె వచ్చి నీ వాకిట్ల కూసుంట." పొద్దున లేచింది మొదలు ఇదే. రెండు రోజులు ఫోన్ ఆపేశాను. తిరిగి వేస్తే పదిహేడు మెసేజ్‌లు. అన్నీ తీసేద్దామనుకుని ఎందుకో చివరిది విన్నాను. అతను తిడుతూనే ఉన్నాడు, అతని గొంతు వెనక ఒక ఆడమనిషి మూలుగుతోంది. అది నొప్పికి మూలిగే మూలుగు కాదు. పక్క మార్చమని అడిగే మూలుగు. నాకు తెలుసు.

మరునాడు హాలియా బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో మీ తమ్ముడికి చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

హాలియాలో దిగి, గొర్ల ఐలేశం ఇల్లెక్కడని అడుగుతూ పోయాను. రేకుల ఇల్లు, ముందు గొర్ల దొడ్డి. మంచం మీద అతని భార్య గుర్వమ్మ. రెండు నెలల కింద పక్షవాతం వచ్చి ఎడమ వైపంతా పడిపోయిందట, మాట లేదు. పిల్లలు లేరు. మంచం ఒరగక ఏం చేస్తుంది, నేలే ఎగుడుదిగుడు. ఒక కాలి కింద బండముక్క పెట్టించాను. గాలి పరుపును తిరగేసి వేసి, దాని మీద రెండు బొంతలు పరిచి, ఆ పైన గొంగడి వేశాడు. అన్నీ తీయించి, పరుపు సరిగ్గా వేసి, గాలి గొట్టాలు మెలికలు లేకుండా సరిచేశాను. పావుగంటలో పరుపు పొంగింది.

"గిది ముందుగాల్నే జెప్పాలె గద" అన్నాడు నన్నే తప్పు పడుతూ.

"పంతొమ్మిది మాటలు అడిగినవు. గీ మాట అడగలే" అన్నాను. ఆ ఇంట్లో నా నోటికీ అదే యాస వచ్చింది.

ఆమెను ఎలా తిప్పాలో చూపించాను. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, మోకాళ్ళ మధ్య మెత్త, రెండు గంటలకోసారి. నా చేతులు ఒక్కటీ మర్చిపోలేదు వదినా. ఆమె వీపు చూశాను. ఎర్రగా కందింది, ఇంకా చిట్లలేదు. ఐలేశం కూడా వంగి చూసి నెమ్మదిగా అడిగాడు.

"మీ అత్తకు పుండ్లు పడ్డయా బిడ్డా?"

"పడ్డయి."

"నువ్వుండంగనే?"

"నేను లేనప్పుడు."

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ తమ్ముడికి కూడా. పోయిన ఏడాది కార్తీకంలో మా అమ్మకు జ్వరమని చెప్పి నాలుగు రోజులు కొల్లాపూర్ పోయాను కదా. పోయేముందు నీకు ఫోన్ చేసి, ఈ నాలుగు రోజులు వచ్చి ఉండమని అడిగితే, కుదరదన్నావు. పనామెను పెట్టి పోయాను. మా అమ్మకు జ్వరం లేదు వదినా. నేను పోయింది నిద్రపోవడానికి. బస్సు దిగి, అమ్మ పెట్టిన అన్నం కూడా తినకుండా చాప మీద పడి నిద్రపోయాను. లేచి, తిని, మళ్ళీ నిద్ర. నాలుగు రోజులూ అంతే. తిరిగి వచ్చి అత్తమ్మను పక్కకు తిప్పితే నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు. తర్వాత ఎన్ని మందులు రాసినా అది మానలేదు, పెరిగింది. కాబట్టి నువ్వు అందరి ముందు అన్నది నిజమే. నేను చూస్తూ కూర్చోలేదు, అంతే తేడా. చూడకుండా పడుకున్నాను. ఆమె పోయిన రోజు కూడా అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు కాదు, నిద్ర వచ్చింది. అది చూసి నన్ను రాయి అనుకుని ఉంటావు.

ఇదంతా ఆ ముసలాయనకు చెప్పాను. మంచి మాట ఏదో అంటాడనుకున్నాను. "ఎన్నొద్దులు పండినవ్?" అని మాత్రం అడిగాడు.

"నాలుగు."

"నేను కన్ను మూసి రెండు నెల్లాయె."

అప్పుడు తెలిసింది ఆ కళ్ళెందుకు అలా ఉన్నాయో. సాయంత్రం బస్సు దాకా నేనుంటాను, పోయి పడుకోమన్నాను. నమ్మలేదు. "నా గొర్లు?" అన్నాడు. దొడ్డిలోనే ఉన్నాయి, ఎక్కడికీ పోవన్నాను. పందిరి కింద తువ్వాల పరుచుకుని పడ్డవాడు నాలుగున్నరకు గాని లేవలేదు. నేను గుర్వమ్మను రెండుసార్లు తిప్పాను. రెండోసారి ఆమె కుడిచేత్తో నా కొంగు పట్టుకుని వదల్లేదు.

లేచాక ఒక మంచిమాటైనా అనలేదు. ఈ మోటారుకు కరెంటు ఎంత కాలుతుందని అడిగాడు.

శోభ

మహబూబ్‌నగర్,
4 సెప్టెంబరు 2023

శోభా,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి పక్కన పడేశాను. రెండోది చదివాక నాలుగైదు రోజులుగా ఇది రాయాలని కూర్చుని లేస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

నువ్వు కొల్లాపూర్‌లో ఉన్న ఆ నాలుగు రోజుల్లో మూడో రోజు నేను నల్లగొండ వచ్చాను.

కుదరదని చెప్పానే గాని మనసు ఊరుకోలేదు. పొద్దున బస్సెక్కి పదకొండు గంటలకు చేరాను. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. పనామె వాకిట్లో ఫోన్ చూస్తోంది. గదిలో వాసన. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది, నా అడుగుల చప్పుడు విని, "వచ్చినవా శోభా? జర పక్కకు తిప్పు బిడ్డా, మంటయితాంది" అంది.

"నేనమ్మా, మంజును" అన్నాను.

"తిప్పు శోభా" అంది మళ్ళీ.

నడుము కింద చెయ్యి పెట్టాను. తడిగా తగిలింది. చెయ్యి లాగేసుకున్నాను శోభా. కన్నతల్లి. పెరట్లో నల్లా కింద మూడుసార్లు కడుక్కున్నాను. పనామెతో ఆమెను పక్కకు తిప్పమని చెప్పి, నేను వచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దని చేతిలో ఏదో పెట్టి, ఒంటిగంట బస్సెక్కాను. కల్వకుర్తి దాకా ఫోన్ చేతిలోనే ఉంది. నీకు చేసి, పుండు పడింది, వెంటనే రా అని చెప్పాలి. చెబితే, చూసి కూడా ఎందుకు వచ్చేశావని అడుగుతావు. ఫోన్ సంచిలో పెట్టుకున్నాను. ఇంకో రోజు ఆ పుండు అలాగే ఉంది. ఆ రోజు నీది కాదు, నాది.

అంతకంటే దాచింది ఇంకొకటుంది. ఎదురుగా నేను నిలబడి నా పేరు చెప్పినా అమ్మ నీ పేరే పిలిచింది. అది నాకు మింగుడు పడలేదు. దశదినకర్మ నాడు నేను అంతగా అరిచింది ఆ కోపంతోనే. నేను ముందు అరిస్తే, నువ్వెన్నిసార్లు వచ్చావని నన్నెవరూ అడగరని కూడా.

నిన్న తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "శోభకు జెప్పినవా అక్కా?" అన్నాడు. లేదన్నాను. "ముందుగాల గామెకు జెప్పాలె" అని పెట్టేశాడు. వాడు నా మీద గొంతు పెంచి ఉంటే బాగుండేది.

శనివారం వస్తున్నాను. నిర్మలమ్మను, మన పెద్దనాయిన వాళ్ళను, ఆ రోజు బంతిలో కూర్చుని నా మాట విన్నవాళ్ళలో పిలిస్తే వచ్చేవాళ్ళందరినీ పిలవమని తమ్ముడికి చెప్పాను. ఆ మాట ఎవరి ముందు అన్నానో వాళ్ళ ముందే ఇదంతా చెబుతాను. నువ్వు తలుపు తీయకపోయినా తప్పు పట్టను. తీసేదాకా అరుగు మీద కూర్చుంటాను.

నీ వదిన,
మంజులత