సోమవారం పళ్లెం

కరీంనగర్, సోమవారం

అక్కకు,

పొద్దున వార్డులో నాగవ్వ పళ్లెం కడిగినట్టు తళతళలాడుతోంది. పక్క మంచం ఎల్లక్క పళ్లెంలో ఇద్దరి రొట్టెలున్నాయి. నాగవ్వకు చక్కెర జబ్బు, కాలికి మానని పుండు, గుండె కూడా బలహీనం. ఇన్సులిన్ సూది వేశాక ఆమె తప్పక తినాలి, లేకుంటే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది. తిన్నావా అని అడగాలనుకున్నాను. అందరి ముందు అడగడానికి సిగ్గుపడి తర్వాతి మంచానికి వెళ్లిపోయాను.

కాసేపటికి ఆమెకు చెమటలు పట్టాయి. ఒళ్లు వణుకుతూ ఏదో గొణగసాగింది.

"రాజన్న దేవుడు ఒంటి మీదికొచ్చిండు! ఎవ్వలు ముట్టకుండ్రి, దండం పెట్టుండ్రి!" అంది ఎల్లక్క. వార్డంతా చేతులు జోడించింది.

"దేవుడు కాదు! ఆమె తినలే! చక్కెర తేండ్రి!" అని అరిచాను. సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. నాగవ్వ ఇంకా మింగగలుగుతోంది గనక ఇద్దరం పట్టుకుని చక్కెర నీళ్లు తాగించాం.

తేరుకోగానే నన్ను తిట్టింది. "వేములాడ రాజన్నకు ఒక్కపొద్దుంటే నోట్లె చక్కెర పోస్తవా, పోరీ?" ఆ తిట్టు వింటుంటే ఎంత హాయిగా ఉందో!

నోరు విప్పని పిల్ల నర్సు పనికి రాదనీ, ఈ వారం చూసి ఇంటికి పంపేస్తాననీ సిస్టర్ అన్నట్టు రాశాను కదా. ఇవాళ ఆమె, "వరండా దాకా వినపడ్డది" అని నవ్వింది. నేను ఉండొచ్చట. నన్ను తీసుకుపోవడానికి బాపును రావద్దని చెప్పు.

రాత్రి భోజనానికి గంట కొట్టారు. నన్ను పంపేయకూడదని మొక్కుకుని, ఇవాళ నేనూ ఒక్కపొద్దే ఉన్నాను.

నీ చెల్లెలు