తడిగుడ్డలో ఊలు మల్లెలు

అత్తా,

నేను తిరుపతికి పోతా ఉండాను. కాణిపాకం దాకా ఆటో, ఆడనించి బస్సు. సంగటి గిన్నెలో ఉండాది, పప్పు వేడి చేసుకో. బీపీ మాత్ర మరిచిపోవద్దు. నేను ఊలు అల్లే క్రోషా సూదులు యాడివి ఆడనే ఉండనీ. పోయినసారి నువ్వు సర్దితే సన్నసూది పోపులపెట్టెలో దొరికింది.

నిన్న నువ్వు తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టినవి మల్లెపూలు కాదు. తిరుమల కొండమీద పెళ్లి పెట్టుకున్నోళ్ల కోసం నేను ఊలుతో అల్లిన పూలదండలు! పొద్దున చూసి గబగబా బయటికి తీసినాను. ఫ్యాను కింద ఆరేసినా ఇంకా చెమ్మగానే ఉండాయి, అట్లే సంచిలో పెట్టుకున్నాను. నీ మింద కోపంతో గిన్నెలు ఎత్తెత్తి వేసినాను, నీకు మెలకువే రాలేదు.

కొండమీద ఆడోళ్లు పూలు పెట్టుకోకూడదు గదా, అందుకే వాళ్లు ఊలుపూలు అడిగినారు. "ఆడ పూలన్నీ స్వామికే. ఊలుతో అల్లినా పువ్వు పువ్వేనే" అని నువ్వు మొదట్లోనే చెప్పినావు. "అది ఉత్త దారం, నీకేం తెలుసు" అని నేను నోరు పారేసుకున్నాను.

వాళ్లు కొండెక్కేలోపల పట్టుకోవాల. కిందికి దిగొచ్చినాకే పెట్టుకోండి అని చెప్తాను. అట్లయితే మాకొద్దు అంటారేమో. నాకొచ్చిన మొదటి పెద్ద ఆర్డరు ఇది. ఆటోవాడు హారను కొడతా ఉండాడు.

జయంతి

ఇంకో మాట. ఇన్నేండ్లు పూలు కట్టి అమ్మిన నీ చేతికే అవి పూలయితే, స్వామి దగ్గర దారమని నేనెట్ట బొంకేది?